గూడూరు బడ్జెట్టు: ఇచ్చువారెవరు? అడుగువారెవరు?

ఢిల్లీలో ఆర్థికమంత్రి బడ్జెట్టు ప్రసంగము ముగింపక మునుపే ఆదాయపుపన్ను తగ్గినదా, హెచ్చినదా యని గూడూరు బజారువీథిలో చర్చ పుట్టును. రాష్ట్ర బడ్జెట్టు వెలువడిననాడు పత్రికలు పుటలకు పుటలు నింపును. కాని మన వాకిటిముందరి మురుగుకాలువ పూడిక తీయుటకెంత, కొళాయిలో నీరు వచ్చుటకెంత, వీథిదీపము వెలుగుటకెంత యని నిర్ణయించు పట్టణపు బడ్జెట్టునుగూర్చి మాత్రము పురజనులలో నూటికొక్కరైనను అడిగి తెలిసికొనుచున్నారని మాకు తోపదు. దూరమున నున్న లెక్కలు మనకు కంఠస్థములు. గడపకు గజము దూరమున నున్న లెక్క మనకు పరాయిది. ఈ వైపరీత్యమునకు పురజనుల అలసత్వమొక్కటే కారణము కాదని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

గూడూరు సామాన్యమైన యూరు కాదు. మద్రాసు, విజయవాడల నడుమ నున్న ప్రధాన రైలుమార్గమునుండి రేణిగుంట, తిరుపతుల దారి చీలునది యిచ్చటనే. అభ్రకమనిన దేశదేశముల వర్తకులకు ఒకప్పుడు గూడూరు పేరు గుర్తుకు వచ్చెడిది. నేడు నిమ్మకాయల మార్కెటు ఆ పేరును నిలుపుచున్నది. ఇచ్చటినుండి ఉత్తరదేశపు నగరములకు లారీలకొలది కాయ తరలిపోవుచున్నది. 2011 జనాభా లెక్కలలో పట్టణ జనసంఖ్య డెబ్బదివేలకు మించెను. తరతరములుగా నెల్లూరు జిల్లాలో నుండిన యీ పట్టణమును 2022 ఏప్రిల్ 4న నూతనముగా నేర్పడిన తిరుపతి జిల్లాలో చేర్చిరి. జిల్లాలు మారినను మురుగుకాలువలు మారవు. ఏ జిల్లాలో నున్నను పట్టణపు చెత్త నెత్తవలసినది, నీరు పోయవలసినది పురపాలక సంఘమే.

ఆ పురపాలక సంఘమున సంఘమే లేకపోయిన నేమగును? ఇది చమత్కారపు ప్రశ్న కాదు, జరిగిన సంగతి. 2014లో ఎన్నికైన కౌన్సిలు కాలపరిమితి 2019 జూలైలో ముగిసెను. తరువాత 2021 మార్చి 10న రాష్ట్రములోని పెక్కు పురపాలక సంఘములకు ఎన్నికలు జరిగెను. అప్పటి నెల్లూరు జిల్లాలో వేంకటగిరి, నాయుడుపేట, సూళ్లూరుపేట, ఆత్మకూరు పట్టణముల వారు ఓటు వేసిరి. గూడూరువారు వేయలేదు, వేయుటకు ఎన్నికయే లేదు. కౌన్సిలు లేనిచోట దాని యధికారములన్నియు ప్రభుత్వము నియమించిన ప్రత్యేకాధికారికి సంక్రమించును. అనగా, చుట్టుపట్ల నున్న చిన్న పట్టణములవారు తమ వార్డు సభ్యుని వీథిలో నిలిపి ప్రశ్నించు నవకాశము పొందియుండగా, వారికంటె పెద్దదియగు గూడూరు ఆ భాగ్యమునకు నోచుకొనలేదు.

ఇందువలన బడ్జెట్టున కేమి భేదము వచ్చునని కొందరడుగవచ్చును. చట్టప్రకారము ఆదాయవ్యయముల యంచనాను కమీషనరు తయారు చేయవలెను. కౌన్సిలు దానిని సభలో పరిశీలించి, మార్చి, ఆమోదింపవలెను. ఒకరు కోరువారు, ఒకరు ఇచ్చువారు. మధ్యనున్న ఆ ప్రశ్నోత్తరమే స్వపరిపాలన. మా వార్డుకు కాలువ యేల లేదని ఒక సభ్యుడు లేచి యడిగినపుడు కమీషనరు ఉత్తరము చెప్పక తప్పదు; ఆ యుత్తరము మరునాడు పత్రికలో వచ్చును; ఆ వార్డువారు చదువుదురు. ప్రత్యేకాధికారి పాలనలో కోరువాడు ప్రభుత్వోద్యోగి, ఇచ్చువాడును ప్రభుత్వోద్యోగియే. కాగితము ఒక బల్లమీదినుండి మరియొక బల్లమీదికి పోయి సంతకముతో తిరిగివచ్చును. అధికారి సచ్చరిత్రుడే కావచ్చును, సమర్థుడే కావచ్చును. ఆయన నిజాయితీ యిచ్చట ప్రశ్న కాదు. పన్నిచ్చువానికి ప్రశ్నించు స్థానమేది యనునదే ప్రశ్న.

మన రాజ్యాంగమున కీ విషయమున సందేహమే లేదు. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ సవరణ, పురపాలక సంఘముల ఆయువు అయిదేండ్లనియు, ఆ గడువు తీరకమునుపే క్రొత్త సంఘమునకు ఎన్నికలు పూర్తికావలెననియు 243-యు అధికరణమున శాసించెను. నడుమ రద్దయిన పక్షమున ఆరునెలలకు మించి జాగు పనికిరాదు. 2006లో అహమ్మదాబాదు నగరపాలక వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ గడువును దాటుటకు వీలులేదని చెప్పెను. 2022లో మధ్యప్రదేశపు వ్యాజ్యమున వార్డుల పునర్విభజన, రిజర్వేషన్ల లెక్కలు పూర్తికాలేదను సాకుతో ఎన్నికల నాపరాదని మరల చెప్పెను. శాసనసభ గడువు తీరి యొక్క నెల ఆలస్యమైనచో దేశమంతయు గగ్గోలు పడును. పట్టణ సంఘము ఏండ్లతరబడి లేకున్నను ఎవ్వరికిని నిద్ర చెడదు. విలీన వివాదములనియు, వ్యాజ్యములనియు కారణములు చెప్పబడుచుండును. కారణములు ఎప్పుడును కొఱత పడవు.

పూర్వచరిత్ర కొంచెము తలచికొనుట యవసరము. 1882 మే 18న లార్డు రిప్పను ప్రభుత్వము స్థానిక స్వపరిపాలనపై తీర్మానము వెలువరించినపుడు అది పరిపాలనా సౌలభ్యమునకన్న ప్రజల రాజకీయ శిక్షణకే ముఖ్యమని చెప్పికొనెను. దానిననుసరించి 1884లో మద్రాసు రాజధానికి జిల్లా మునిసిపాలిటీల చట్టము వచ్చెను. 1920లో మరియొక చట్టము వచ్చి ఎన్నికైన సభ్యుల పలుకుబడిని హెచ్చించెను. ఆంధ్రప్రాంతమున 1965 చట్టము వచ్చువరకు ఆ 1920 చట్టమే నడచినది. స్వాతంత్ర్యోద్యమ నాయకులు ఈ సంఘములను చిన్నచూపు చూడలేదు. 1923లో జవహర్‌లాల్ నెహ్రూ అలహాబాదు పురపాలక సంఘమునకును, 1924లో వల్లభభాయి పటేలు అహమ్మదాబాదు సంఘమునకును అధ్యక్షులైరి. అదే యేట చిత్తరంజన్ దాసు కలకత్తా మేయరయ్యెను. దేశమునేలవలసినవారు కాలువలు, కొళాయిల లెక్కలతో నభ్యాసము చేసిరి.

కాని మన తెలుగునాట నీ విషయమున మరపురాని ఘట్టము చీరాల పేరాలది. ఆ గ్రామములను కలిపి మునిసిపాలిటీగా మార్చిరి. సౌకర్యములు వచ్చునో రావో గాని పన్నులు మాత్రము అనేక రెట్లు పెరిగెను. నేతపనివారు, చిన్న రైతులు భరింపలేమని మొరపెట్టుకొనిరి. 1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లు వాకిళ్లు విడిచి ఊరివెలుపల రామనగరమను తాటాకు పందిళ్ల పట్టణమును నిర్మించికొని పదునొకండు నెలలపాటు ఎండకు నెండి వానకు దడిసిరి. మునిసిపాలిటీ హద్దు దాటినవారిపై మునిసిపల్ పన్ను లేదు గదా! చట్టమును మీరకయే చట్టమునకు ప్రతిఘటన చూపిన ఆ యుపాయమును నేటికిని మెచ్చుకొనవలసినదే.

ఆ కథలో మన ప్రాంతమువారు గమనింపవలసిన యంశమొకటి కలదు. నాడు స్థానిక స్వపరిపాలన శాఖామాత్యుడు ఆంగ్లేయుడు కాడు, కాళహస్తిలో పుట్టిన పానగల్లు రాజా రామరాయణింగారు. గూడూరునకు కాళహస్తి యెంత దూరము? తెల్లవారి స్థానమున మనవారు కూర్చున్నంత మాత్రమున పన్నిచ్చువాని మాట చెల్లునను భ్రమ ఆనాడే తీరవలసినది. చీరాలవారి కోర్కె స్వదేశీయ మంత్రి కావలెనని కాదు. తమ పన్ను తమ్మడిగి వేయవలెనని.

ఇక లెక్కలకు వత్తము. పట్టణ సంఘమునకు స్వంత ఆదాయమున ముఖ్యమైనది ఆస్తిపన్ను. పూర్వమది ఇంటి అద్దె విలువపై కట్టబడెడిది. 2020లో చట్టమును సవరించి, 2021-22 నుండి ఇంటి మూలధనపు విలువపై కట్టుపద్ధతిని తెచ్చిరి. నివాసగృహములకు విలువలో నూటికి 0.10 మొదలు 0.50 వరకు, ఇతర కట్టడములకు 0.20 మొదలు 2 వరకు రేటు విధింపవచ్చును. 375 చదరపు అడుగుల లోపు నివాసమునకు ఏటికి 50 రూపాయలు మాత్రమే. ఒక్కసారిగా భారము పడకుండుటకు ఏటికి నూటికి 15 కంటె హెచ్చరాదని హద్దు పెట్టిరి. ఈ హద్దును చూచి పలువురు సంతోషించిరి. మేము చేతివ్రేళ్లతో లెక్క వేసి చూచితిమి. ఏటేట నూటికి 15 చొప్పున పెరిగిన 1,000 రూపాయల పన్ను అయిదవ పెంపునకు 2,011 రూపాయలగును. అయిదేండ్లలో నిమ్మతోట రాబడి రెట్టింపగునో లేదో రైతు చెప్పగలడు; గుమాస్తా జీతము రెట్టింపగునో లేదో గుమాస్తా చెప్పగలడు.

పన్ను పెంచవలదని మేమనము. ఇరువది లక్షల విలువగల ఇంటికి నూటికి 0.15 రేటున పన్ను 3,000 రూపాయలు. అనగా నెలకు 250. ఆ సొమ్ముతో దినము విడిచి దినమైనను నీరు, ప్రతిదినము చెత్త యెత్తుట, వానకు పొంగని కాలువ లభించునేని అది చౌకబేరమే. ఆక్షేపణీయమైనది మరియొకటి. అల్పావధి నుండి అధికావధి వరకు నున్న ఆ విస్తారమైన పరిధిలో రేటును నిర్ణయించు స్థానిక నిర్ణయము కౌన్సిలు చేయవలసినది. 2021లో కౌన్సిళ్లున్న పట్టణములలో నీ విషయమై సభలలో వాదములు జరిగెను. కౌన్సిలు లేని గూడూరున ఆ యధికారము ప్రత్యేకాధికారి చేతనుండెను. ఇంకను సూక్ష్మమైన సంగతి: మూలధనపు విలువ రిజిస్ట్రేషను శాఖవారు నిర్ణయించు భూముల ధరలతో ముడిపడియున్నది. ఆ శాఖవారు విలువ పెంచినచో, పట్టణమున నొక్కరును తీర్మానము చేయకయే పన్నుకు ఆధారము పెరిగిపోవును. అమ్మదలచినవానికి విలువ పెరిగిన లాభము. ఆ యింటనే పుట్టి ఆ యింటనే గిట్టదలచినవానికి నష్టము.

బకాయిల విషయమును విడువరాదు. గడువు దాటిన పన్నుపై నెలకు నూటికి రెండు వంతున వడ్డీ పడును. ఏప్రిల్ నెలలో ఏడాది పన్నంతయు కట్టినవారికి నూటికి 5 తగ్గింపు కలదు. బాగుగనే యున్నది. కాని 2025 మార్చిలో బకాయిలపై వడ్డీలో సగము మాఫీ చేసిరి. అట్టి మాఫీలు మునుపును జరిగెను. ఏప్రిల్‌లోనే ముందుగా కట్టినవాడు 5 రూపాయలు మిగుల్చుకొనుచుండగా, ఏండ్లతరబడి కట్టనివాడు అంతకంటె నెక్కువ మిగుల్చుకొనుచున్నాడు. సామాన్యముగా పెద్ద బకాయిదారులు పేదలు కారు. వాణిజ్య భవనములవారు, వ్యాజ్యములు నడుపగల స్తోమతు గలవారు. బకాయిల జాబితాను పెద్ద మొత్తములనుండి మొదలుపెట్టి సంఘపు గోడపై నంటించిన పక్షమున వసూలుకు వేరు యుక్తి వెదకనక్కరలేదు.

పట్టణము భరించు బరువునకును, పట్టణమునకు చేరు రాబడికిని పొత్తు లేకపోవుట గూడూరు ప్రత్యేక దురవస్థ. జంక్షను పట్టణమగుటచే రైల్వేవారి స్థలములు, కట్టడములు విస్తారము. రాజ్యాంగపు 285వ అధికరణము ప్రకారము కేంద్రప్రభుత్వ ఆస్తికి స్థానికపు పన్ను లేదు. సేవలకు బదులు సేవారుసుము మాత్రము అడుగవచ్చును. అడుగువారుండవలెను, అడిగి వెంటబడువారుండవలెను. నిమ్మకాయల క్రయవిక్రయములపై మార్కెటు రుసుము మార్కెటు కమిటీకి చేరును; కుళ్లిన కాయ యెత్తవలసినది, లారీల క్రింద నలిగిన వీథిని బాగుచేయవలసినది మాత్రము మునిసిపాలిటీ. చిల్లకూరు, కోట మండలముల సిలికా ఇసుకపై సీనరేజి రాష్ట్ర ఖజానాకు పోవును. గూడూరు చుట్టును ప్రకృతి సంపద యున్నది. గూడూరు బొక్కసమున దాని జాడ లేదు.

ఇందుచేత పట్టణములు పై ప్రభుత్వముల గ్రాంటులకై చేయి చాచవలసివచ్చుచున్నది. 15వ ఆర్థిక సంఘము 2021 మొదలు 2026 వరకు దేశములోని పట్టణ సంఘములకు 1,21,055 కోట్ల రూపాయలు సిఫారసు చేసెను. మహానగరములు కాని పట్టణములకు వచ్చు భాగమున నూటికి 40 మాత్రమే స్వేచ్ఛగా వాడుకొనదగినది. 30 త్రాగునీటికి, 30 పారిశుద్ధ్యమునకు ముడిపెట్టబడెను. ముడిపెట్టుటను మేము తప్పుపట్టము. నీటి సొమ్ముతో స్వాగతద్వారములు కట్టిన పట్టణములను మేమెరుగుదుము. కాని యీ గ్రాంటులు ఎన్నికైన సంఘములున్నచోటనే విడుదల చేయవలెనని కేంద్రము నియమము పెట్టెను. దాని న్యాయము స్పష్టము, దాని ఫలము క్రూరము: ఎన్నిక జరుపనిది ప్రభుత్వము, శిక్షకు గురియగునది పట్టణము.

మరియొక గీత సంగతి. 2015లో వచ్చిన అమృత పథకము లక్షకు మించిన జనాభాగల నగరములకు పరిమితమయ్యెను. ఆ మరుసటి యేట తిరుపతి స్మార్టు నగరముల జాబితా కెక్కెను. లక్షకు లోబడిన గూడూరువంటి పట్టణములు గీత కీవల నిలిచిపోయెను. 2021 అక్టోబరులో ప్రారంభమైన రెండవ అమృత పథకము అన్ని పట్టణములకును తలుపు తెరచి, లక్షలోపు పట్టణముల నీటిపనులకు ఖర్చులో సగము కేంద్రము భరించునని చెప్పెను. మిగిలిన సగమునకు రాష్ట్రము, పట్టణము పూనుకొనవలెను. తన వంతు సొమ్మును ముందుగా బడ్జెట్టున చూపని పట్టణము ఆ తలుపువద్దనే నిలిచియుండును.

వ్యయము వైపు చూతము. శాశ్వతోద్యోగుల జీతములు రాష్ట్ర ఖజానానుండి వచ్చును. కాని తెల్లవారకమునుపే వీథులూడ్చు పొరుగుసేవల కార్మికుల వేతనము ప్రధానముగా పట్టణ సాధారణ నిధినుండియే పోవలెను. వేతనము 15,000, ఆరోగ్యభృతి 6,000 కలిసి నెలకు 21,000 రూపాయలు ఇయ్యవలెనని 2023 డిసెంబరు 26న రాష్ట్రవ్యాప్తముగా వారు సమ్మె కట్టిరి. సంక్రాంతి ముంగిట పట్టణములు చెత్తకుప్పలై కంపుకొట్టినపుడు గాని ఆ చేతుల విలువ మనకు తెలియలేదు. 2024 జనవరి రెండవ వారమున సమ్మె ముగిసెను. ఈ రేటున నూరుగురు కార్మికులకు ఏటికి అగు ఖర్చు 2 కోట్ల 52 లక్షల రూపాయలు. చిన్న పట్టణపు సాధారణ నిధికి ఇది తేలికైన బరువు కాదు. అయినను బడ్జెట్టున మొట్టమొదట వ్రాయవలసిన పద్దు ఇదియేయని మా దృఢాభిప్రాయము. వీథిదీపముల బిల్లు ఆలస్యమైన విద్యుత్సంస్థ ఓర్చుకొనగలదు. ఊడ్చువాని యింట పొయ్యి ఓర్చుకొనలేదు.

చెత్త రుసుమును గూర్చి నాలుగు మాటలు. 2021 అక్టోబరు నుండి అనేక పట్టణములలో ఇంటింటికి చెత్తపన్ను వసూలు చేసిరి. ప్రజలు ఏవగించుకొనిరి. 2024 చివర దానిని రద్దుచేసిరి, ప్రజలు హర్షించిరి. రద్దగుటవలన చెత్త రద్దు కాలేదు. ఆ సేవకగు సొమ్ము ఏ పద్దునుండి వచ్చునని హర్షించినవారిలో ఎందరడిగిరి?

అన్నింటికంటె ఎక్కువగా మేము చెప్పదలచినది మురుగుకాలువల సంగతి. రాష్ట్రములోని తక్కిన పట్టణములకును గూడూరునకును ప్రకృతి యొక్క భేదము కల్పించినది. కృష్ణా గోదావరి జిల్లాలకు ప్రధానమైన వాన నైరృతి ఋతుపవనముది. జూను రాకముందే పూడిక తీసిన పని జరుగును. నెల్లూరు సీమకు ఈశాన్య ఋతుపవనమే ప్రాణము, అదియే ప్రాణాంతకము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వాయుగుండము వెంట వాయుగుండము వచ్చి, నెలరోజుల వాన నాలుగు దినములలో కురియును. ఏప్రిల్ మే నెలలలో తీసిన పూడిక అయిదారు నెలలలో మరల పూడును: ఎండకాలపు దుమ్ము, బజారు చెత్త, ప్లాస్టిక్ సంచులు, పశువుల గడ్డి అన్నియు చేరును. రాజధానిలో తయారైన పట్టిక ప్రకారము మే నెలలో ఖర్చు చూపి, అక్టోబరునకు చేతిలో దమ్మిడీ లేక నిలుచుట గూడూరునకు తగిన ఏర్పాటు కాదు. ఈ పట్టణపు పూడిక సొమ్ములో పెద్దభాగము ఆగస్టు, సెప్టెంబరు నెలలకు దాచి యుంచవలెను. వానలు తెలిసినవాడు వ్రాసిన బడ్జెట్టునకును, నమూనా చూచి నింపిన బడ్జెట్టునకును ఇదియే భేదము.

2015 నవంబరు వానలు, 2021 నవంబరు వానలు మరచితిమా? 2021లో పంబలేరు పొంగి గూడూరు చెంత జాతీయ రహదారిపై నీరు పొర్లగా లారీలు బారులు తీరి నిలిచెను. రహదారి మునిగిన సంగతి దేశమంతటికిని తెలిసెను; అది మద్రాసు కలకత్తాల రహదారి గదా! లోతట్టు వీథులలో మంచముకోళ్లవరకు నీరు నిలిచిన కుటుంబముల సంగతి ఆ వార్డులవారికి మాత్రమే తెలియును. ఏరు పొంగుట పురపాలక సంఘపు వశమున లేదు, నిజమే. కాని ఊరి నీరు ఏటిలోనికి పోవు మార్గములు, వాటిపై లేచిన కట్టడములు, వాటికిచ్చిన అనుమతులు వశమున నున్నవే. గృహనిర్మాణపు అనుమతి రుసుము బడ్జెట్టున ఆదాయపు పద్దు. పూడిపోయిన వాగులో ఇచ్చిన అనుమతి పదియేండ్ల తరువాత వరదసాయముగా వ్యయపు పద్దున తేలును. ఈ రెండు పద్దులను ఒకే కంటితో చూచువాడు కావలెను. బదిలీపై వచ్చి బదిలీపై పోవు అధికారి మొదటి పద్దును చూచును. ఆ వీథిలో నివసించు సభ్యుడు రెండవదానిని చూడక తప్పదు.

నీటి విషయమున దైవలీల చూడుడు. 1976లో మూడు రాష్ట్రములు తమ కృష్ణాజలముల వాటాలనుండి అయిదేసి టి.ఎం.సీ.లు మద్రాసు దాహమునకిచ్చుటకు ఒడంబడిరి. ఆ నీరు నిల్వయుండు కండలేరు జలాశయము 68 టి.ఎం.సీ.ల సముద్రమువంటిది, గూడూరునకు పడమట రాపూరు సీమలో నున్నది. అచ్చటినుండి నూరు మైళ్లకు దగ్గరగా ప్రవహించి పూండి చేరి మహానగరమున కొళాయిలలో పడును. పొరుగువారి దాహము తీర్చుట పుణ్యకార్యము, దానికి మేము వ్యతిరేకులము కాము. ఇంత నీరు కంటికెదుట నుండగా ఈ ప్రాంతపు పట్టణముల బడ్జెట్టులలో వేసవి ట్యాంకర్ల పద్దు ఏటేట ఏల యుండవలెనో మాత్రము బోధపడదు. ట్యాంకరు తాత్కాలికపు మందు. పదియేండ్ల ట్యాంకర్ల బాడుగను ఒక్కచోట కూడి, ఆ సొమ్ముతో ఎన్ని మైళ్ల గొట్టములు వేయవచ్చునో లెక్కవేసి బడ్జెట్టునకు జతపరచవలెను. ఆ లెక్కకు ఇంజనీరు చాలును. అడిగించుటకు సభ కావలెను.

గ్రంథాలయముల సెస్సు చిన్న పద్దు, ఎవ్వరును పట్టించుకొననిది. 1960 చట్టముననుసరించి ఆస్తిపన్నుపై రూపాయికి 8 పైసలు గ్రంథాలయములకై వసూలగుచున్నది. ఇందాక చెప్పిన 3,000 రూపాయల పన్నుపై 240. ఈ సొమ్ము పురపాలక సంఘముది కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థది. సంఘము వసూలుచేసి అందజేయు చేతి మాత్రమే. రాష్ట్రమున పెక్కు స్థానిక సంఘములు దీనిని అందజేయక ఇతర ఖర్చులకు వాడుకొని బకాయిపడుట సంవత్సరముల తరబడి వింతలేని వార్తయైనది. అయ్యంకి వేంకటరమణయ్యగారివంటివారు ఊరూర తిరిగి గ్రంథాలయోద్యమము నడిపిన దేశమిది. నాడు పిడికెడు బియ్యము అడిగి పఠనమందిరములు నడిపిరి. నేడు పన్నుతో బాటు సొమ్ము వచ్చుచున్నను క్రొత్త పుస్తకము లేని బీరువాలున్నవి. గూడూరు పౌరుడు తన పన్ను రసీదుపై నున్న ఆ గడిని చూచి, అది యెచ్చటికి చేరినదని అడుగవచ్చును.

ప్రతిపక్షపు వాదమును మేమెరుగకపోలేదు. కౌన్సిళ్లున్నచోట మాత్రమేమి ఉద్ధరించుచున్నారు? కాంట్రాక్టులకై కలహములు, అవిశ్వాస తీర్మానములు, శిబిరములు, సభలో కుర్చీలు విసరుకొనుట, ఇవియే గదా! ప్రత్యేకాధికారి పాలనలోనే రోడ్లు పడినవని కొందరు పెద్దలు మాతో ననిరి. ఇందు కొంత నిజము లేకపోలేదు. పార్టీ పెద్దలు హస్తములెత్తించి, చర్చ లేకుండ పది నిమిషములలో బడ్జెట్టు నామోదించిన కౌన్సిళ్లనుగూర్చి మేము పలుమారు విన్నాము. అయినను భేదమొకటి కలదు. చెడ్డ సభ్యుని అయిదేండ్లకొకసారి ఇంటికి పంపవచ్చును. చెడ్డ అధికారి బదిలీయై మరియొక పట్టణమునకు పోవును; మంచి అధికారియు పోవును. పోయినవారి లెక్క మనకెవరు చెప్పుదురు? రోడ్డు పడుట మంచిదే. ఏ వీథికి ముందు పడవలెనను నిర్ణయము ఎవరిదో అదియే బడ్జెట్టు.

ఇతర దేశముల వైపు చూచిన మన పట్టణముల పేదరికము తెలియును. రిజర్వు బ్యాంకువారు 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము మన దేశపు పట్టణ సంఘముల ఆదాయవ్యయములు దేశోత్పత్తిలో నూటికి ఒకటి ప్రాంతముననే పదియేండ్లకు పైగా నిలిచియున్నవి. బ్రెజిలు దేశమున అది 7.4, దక్షిణాఫ్రికాలో 6. ఆ బ్రెజిలు దేశములోనే పోర్టో అలెగ్రీ నగరమువారు 1989లో క్రొత్త పద్ధతి మొదలుపెట్టిరి. పేటపేటను సభలు కూర్చి, నిర్మాణపు సొమ్ములో ఏ పని ముందు, ఏ పని వెనుక యను క్రమమును పౌరుల చేతనే నిర్ణయింపజేసిరి. మొదట వచ్చినవారు కొద్దిమంది. పేటకు కాలువ వచ్చిన తరువాత రెండవ యేట వేలకొలది వచ్చిరి. దాని తరువాతి చరిత్రలో ఎత్తుపల్లములున్నవి, రాజకీయములు మారగా ఆ పద్ధతియు క్షీణించెను. అయినను బడ్జెట్టు సామాన్యునికి అర్థముకాదను మాట అబద్ధమని ఆ పేదపేటలవారు నిరూపించిరి. ఇంటి ఖర్చు, తోట ఖర్చు, పెండ్లి ఖర్చు పైసతో సహా అంచనా కట్టు మన గృహస్థునకు పట్టణపు పద్దు తెలియదనుట హాస్యాస్పదము.

గూడూరు బడ్జెట్టు అంచనాను ఆమోదమునకు ముందే, తెలుగులో, వార్డుల వారీగా ఏ పనికెంతయో తెలియునట్లు ముద్రించి, పురపాలక కార్యాలయముతో బాటు వార్డు కార్యాలయములందును, నిమ్మ మార్కెటునందును, రైల్వే స్టేషను ఎదుటను అంటింపవలెను. గత యేటి అంచనా యెంత, నిజమైన ఖర్చెంత యను రెండు గడులు ప్రక్కప్రక్కన నుండవలెను. ఒక్కటే గడి యున్న పట్టిక కోరికల పట్టిక. ఆక్షేపణలకు పదునైదు దినములు గడువియ్యవలెను. వచ్చిన ఆక్షేపణకు కౌన్సిలు గాని, అది లేనినాడు అధికారి గాని వ్రాతమూలమున ఉత్తరమియ్యవలెను. వీనికి క్రొత్త చట్టము అక్కరలేదు, పెద్ద ఖర్చును లేదు. అచ్చుకూలి, జిగురు ఖర్చు మాత్రమే. వర్తక సంఘమువారు, నిమ్మరైతులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, పారిశుద్ధ్య కార్మిక సంఘమువారు జనవరిలోనే కలిసి కమీషనరుగారికి అర్జీ పెట్టికొనినచో ఫిబ్రవరికి పట్టిక గోడకెక్కగలదు, మార్చి 31కి ఇంకను వ్యవధి యుండును.